పూడిక తీసేటప్పుడు తాబేళ్లను కాపాడటం: ఏ పద్ధతి ఎప్పుడు పనికొస్తుంది?

చెరువులో పూడిక పేరుకుపోయింది. గుర్రపు డెక్క నీటిని కప్పేసింది. తూము పాడైంది, గట్టు ఒకవైపు జారుతోంది. పని మొదలుపెట్టక తప్పదు. ఆ నీటిలో తాబేళ్లున్నాయని తెలిశాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. ఎవరిని అడిగినా తలో మాట చెబుతారు. ఇప్పుడు కాదు, కాలం మారాక చేయండి అని ఒకరు, ముందే పట్టి వేరేచోట వదిలేయండి అని ఇంకొకరు. చుట్టూ కంచె వేస్తే చాలంటారు కొందరు. నీళ్లు మెల్లగా దించితే అవే పోతాయని, సగం సగంగా చేసుకోమని చెప్పేవాళ్లూ ఉంటారు.

ఇందులో తప్పు సలహా ఏదీ లేదు. అన్నిచోట్లా పనికొచ్చే సలహా కూడా ఏదీ లేదు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. తాబేలు తనంతట తాను తప్పుకోగలిగే పద్ధతులకే మొదటి చోటు. చేత్తో పట్టి తరలించడం ఆఖరున రావాలి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. తాబేలును బుట్టలో పెట్టి మోసుకెళ్తే ఏదో చేసినట్టు అందరికీ కనిపిస్తుంది, ఫొటో కూడా బాగా వస్తుంది. పనిని రెండు నెలలు వెనక్కి జరిపితే అందులో చూపించడానికేం ఉంటుంది?

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: యంత్రం దిగే రోజున తాబేళ్లు ఎక్కడ ఉంటాయి? మంచినీటి తాబేలు ఏడాది పొడవునా నీటిలోనే ఉంటుందనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. చలి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో చాలా జాతులు శీతాకాలమంతా నీటి అడుగున, బురదలో కదలకుండా పడి ఉంటాయి. ఉత్తర అమెరికాలోని పెయింటెడ్ తాబేలు 3 డిగ్రీల చల్లటి నీటిలో ఆక్సిజన్ అందకపోయినా 3 నెలలకు పైగా బతకగలదు. అంత గట్టి ప్రాణం. కానీ ఆ స్థితిలో పొక్లెయిన్ బకెట్ మీదికొస్తుంటే అది పక్కకు జరగలేదు.

వేడి ప్రాంతాల్లో కథ వేరు. అక్కడ గడ్డుకాలం ఎండాకాలమే. దక్షిణాసియాలో కనిపించే ఫ్లాప్‌షెల్ తాబేలు నీరు ఇంకిపోతే బురదలోకి దూరి, వానల దాకా అక్కడే ఉండిపోతుంది. ఆస్ట్రేలియాలోని పొడవు మెడ తాబేలు నీరు ఎండిపోతే నేల మీదికి నడిచి వెళ్లి, రాలిన ఆకుల కింద నెలల తరబడి పడుకుంటుంది. అందుకే 'నీళ్లే లేవు, ఇంక తాబేళ్లెక్కడివి?' అనే మాట ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరం. పగుళ్లు తేలిన అడుగు మట్టిలో, చూపుకు ఆనకుండా, పెద్ద తాబేళ్లే ఉండవచ్చు.

గుడ్ల సంగతి సరేసరి. దాదాపు అన్ని జాతులూ గుడ్లు పెట్టేది నేల మీదే, అదీ కొన్నిసార్లు నీటికి చాలా దూరంగా. అమెరికాలోని సౌత్ కరోలినాలో ఒక మడుగు చుట్టూ జరిపిన అధ్యయనం 1995లో వెలువడింది. గుడ్లు పెట్టిన చోట్లనూ, నేలలో నిద్రపోయే చోట్లనూ 90 శాతం కాపాడాలంటే మడుగు హద్దు నుంచి 73 మీటర్ల మేర నేలను వదిలేయాలని అందులో తేలింది. మొత్తం కాపాడాలంటే 275 మీటర్లు వదలాలి. ట్రాక్టర్లు తిరిగేది, మట్టి పోసేది, డీజిల్ డ్రమ్ములు పెట్టేది సరిగ్గా ఆ మేరలోనే.

రెండో ప్రశ్న, పోతే తిరిగి రానివి ఏవి? తాబేళ్ల విషయంలో దానికి జవాబు పెద్ద ఆడ తాబేళ్లు. ఉత్తర అమెరికాలోని బ్లాండింగ్ తాబేలు మొదటిసారి గుడ్లు పెట్టడానికి 14 నుంచి 20 ఏళ్లు పడుతుంది. కెనడాలోని ఆల్గాంక్విన్ పార్కులో 1980ల చివర్లో నీటికుక్కలు పెద్ద స్నాపింగ్ తాబేళ్లను బాగా చంపేశాయి. ఇరవై ఏళ్లు దాటాక చూసినా అక్కడ వాటి సంఖ్య కోలుకోలేదు. అదే ఒక వారం పాటు యంత్రం చేస్తే? గుడ్లు కొన్ని పోతే మరుసటి ఏడాది మళ్లీ పెడతాయి. తల్లి పోతే ఆ చోటు భర్తీ కావడానికి ఒక తరం పడుతుంది. అందుకే రెండు పద్ధతుల మధ్య ఊగిసలాడుతుంటే, పెద్దవాటికి ఏది తక్కువ ముప్పో అటు మొగ్గండి.

మిగతా రెండూ త్వరగా తేలిపోతాయి. నీరు పూర్తిగా తీసేయాలా, కొంత ఉంచవచ్చా? పని జరిగినన్నాళ్లూ రోజూ పొద్దున్నే వచ్చి చూసే మనిషి ఉన్నాడా? ఈ రెండోదానికి 'లేడు' అనేది జవాబైతే కింది పట్టికలో ఆఖరి రెండు వరసలు మీకు పనికిరావు.

| పద్ధతి | బాగా పనిచేసేది | దెబ్బతినేది | రోజువారీ శ్రమ |
|---|---|---|---|
| కాలం చూసి పని పెట్టడం | అన్ని రకాల పనులకూ | గడువు ఒత్తిడి ఉన్నప్పుడు, అత్యవసరాల్లో | దాదాపు లేదు |
| దఫాలుగా చేయడం | పెద్ద చెరువులు, పొడవాటి కాలువలు | చిన్న కుంటలు | తక్కువ |
| నీరు మెల్లగా దించడం | తాబేళ్లు చురుగ్గా ఉన్న కాలంలో, దగ్గర్లో వేరే నీరుంటే | గడ్డకట్టే చలిలో, ఒంటరి మడుగుల్లో | మధ్యస్థం |
| అడ్డుకంచె | గట్టు పనులు, మట్టి కుప్పలు, బండ్ల దారి | ఆలస్యంగా వేస్తే, రోజూ చూడకపోతే | ఎక్కువ |
| పట్టి తరలించడం | మొత్తం ఎండబెట్టక తప్పనప్పుడు | ఒంటరిగా వాడితే ఎక్కడైనా | చాలా ఎక్కువ |

కాలం చూసి పని పెట్టడం

దీని గొప్పతనం ఏమిటంటే, సరైన కాలం దొరికితే మిగతా పద్ధతుల భారం సగం తగ్గుతుంది. తాబేళ్లు చురుగ్గా తిరుగుతూ, గుడ్లు పెట్టే కాలం కాని సమయం మనకు కావాలి. చల్లటి ప్రాంతాల్లో అది సాధారణంగా వేసవి చివర, చలి ముదరక ముందు వస్తుంది. అప్పటికి చాలా గుడ్ల నుంచి పిల్లలు బయటపడి ఉంటాయి, పెద్దవి ఇంకా బురదలోకి దిగి ఉండవు. అయితే పెయింటెడ్ తాబేలు లాంటి జాతుల్లో పిల్లలు గుడ్డు నుంచి బయటపడ్డాక కూడా చలికాలమంతా తల్లి గుడ్లు పెట్టిన గుంటలోనే ఉండిపోతాయి. కాబట్టి అడుగు పనికి పనికొచ్చిన కాలం గట్టు పనికి కూడా పనికొస్తుందనుకోవద్దు.

వేడి ప్రాంతాల్లో చిక్కు ఇంకొకటి. ఇంజనీరుకు నీరు తక్కువగా ఉండాలి, యంత్రం దిగబడకూడదు. తాబేలుకు నీరు ఉండాలి, లేకపోతే అది బురదలోకి పోతుంది. ఇద్దరికీ పూర్తిగా కుదిరే రోజు లేదు. మధ్యే మార్గం ఒకటుంది. నీరు బాగా తగ్గాలి, కానీ లోతట్టులో ఇంకా మిగిలి ఉండాలి. ఆ దశలో అంచుల నుంచి పని మొదలుపెట్టాలి. పూర్తిగా ఎండి పగుళ్లిచ్చాక దిగితే పనివాళ్లకు సుఖం, తాబేళ్లకు అదే చావు.

గడువు మీ చేతిలో లేకపోతే కనీసం వరుస మార్చండి. గుడ్లు పెట్టే నెలల్లో గట్టు జోలికి పోకుండా తూము, తలుపులు, కాంక్రీటు పనులు చేసుకోండి. గట్టును తర్వాతకు వదిలేయండి. ఏ జాతి ఏ నెలల్లో గుడ్లు పెడుతుందో మీ ప్రాంతపు వన్యప్రాణి సిబ్బందిని అడిగి తెలుసుకోవడం మేలు. ఒకే చెరువులో రెండు జాతులకు రెండు వేర్వేరు కాలాలు ఉండటం అరుదేమీ కాదు.

దఫాలుగా చేయడం

చెరువును రెండు మూడు భాగాలు చేసి, ఈసారి ఒకటి, వచ్చే ఏడాది ఇంకొకటి. తాబేళ్లకే కాదు, కప్పలకు, చేపలకు, పక్షులకు కూడా ఇదే హాయి. ముట్టుకోని భాగంలో మొక్కలు, ఎండ కాచుకునే దుంగలు, దాక్కునే జమ్ము అన్నీ మిగులుతాయి. యంత్రం శబ్దానికి బెదిరిన తాబేలు అటు పోతుంది.

పోవాలంటే దారి ఉండాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. యంత్రాన్ని లోతు నీటి వైపు నుంచి మూల వైపు నడిపిస్తే జంతువులన్నీ మూలకు చేరి ఇరుక్కుంటాయి. మూసుకుపోయిన మూలలో మొదలుపెట్టి తెరుచుకున్న నీటి వైపు రావాలి. ఆపరేటర్‌కు ఈ ఒక్క మాట మొదటి రోజే చెబితే అదనపు ఖర్చేమీ ఉండదు.

ఖర్చు వేరేచోట ఉంది. యంత్రాన్ని రెండుసార్లు తెప్పించాలి, అనుమతులు రెండుసార్లు తెచ్చుకోవాలి. కాంట్రాక్టర్లకు ఇది నచ్చదు, వాళ్ల లెక్క వాళ్లకుంటుంది. ఒకవైపు నుంచి మరోవైపు స్పష్టంగా కనిపించే చిన్న కుంట అయితే దఫాల వల్ల పెద్ద లాభం కూడా ఉండదు. బురద నీరు మొత్తం కలిసిపోతుంది. అలాంటిచోట కుంటను విడదీసే బదులు ఒక అంచున లోతైన గుంటను, దాని పక్కన కొంత మొక్కల్ని ముట్టకుండా వదిలేయండి.

నీరు మెల్లగా దించడం

తూము ఒక్కసారిగా ఎత్తేస్తే నీరు పోయేంత వేగంగా తాబేలు పోలేదు, ముఖ్యంగా అరచేతిలో పట్టే పిల్లలు. రోజుకు కొంత చొప్పున దించితే అంచుల్లో ఉన్నవి లోతుకు జరుగుతాయి, కొన్ని నేల మీదుగా వేరే నీటికి వెళ్తాయి. ఆ వేరే నీరు నడిచే దూరంలో ఉండటం, మధ్యలో రద్దీ రోడ్డు లేకపోవడం ఈ పద్ధతికి ప్రాణం. రోడ్డు దాటాల్సి వస్తే మనమే వాటిని బండ్ల కిందికి తోసినట్టవుతుంది.

మోటారు పెట్టి తోడుతుంటే నీరు పీల్చే మూతికి జాలీ తప్పనిసరి. జాలీ చిన్నదైతే నాచు అడ్డుపడి మోటారు ఆగుతుంది, ఎవడో విసుగొచ్చి దాన్ని పీకేస్తాడు. అందుకని పైపు మూతి చుట్టూ వెడల్పాటి పంజరంలా కట్టి, దానికి జాలీ చుట్టడం నయం. పీల్చే వేగం పంచుకుపోతుంది, త్వరగా మూసుకుపోదు.

శీతాకాలం నీరు గడ్డకట్టే ప్రాంతాల్లో మాత్రం ఒక గట్టి నిబంధన ఉంది. దించేదేదో తాబేళ్లు నిద్రలోకి వెళ్లకముందే దించి, ఆ మట్టాన్నే నిలకడగా ఉంచాలి. మధ్యలో దించితే అడుగున పడుకున్నవి చలికి బయటపడి గడ్డకట్టి చస్తాయి. ఆ పరిస్థితిలో 'మెల్లగా' దించినా ఒరిగేదేమీ లేదు.

ఇంకో సంగతి. నీరు తగ్గి తాబేళ్లన్నీ ఒకే గుంటలో చేరితే నక్కలు, కుక్కలు, పెద్ద పక్షులు వస్తాయి. మనుషులూ వస్తారు, పట్టుకుపోయేవాళ్లు. ఆఖరి వారం కాపలా లేకుండా ఈ పద్ధతి ఎంచుకోవద్దు.

అడ్డుకంచె

కంచెతో తాబేళ్లను పని జరిగే చోటికి రాకుండా ఆపవచ్చు. అప్పటికే లోపల ఉన్నవాటిని అది బయటికి పంపదు, పైగా లోపలే బంధిస్తుంది. అందుకే గుడ్లు పెట్టే కాలం మొదలవకముందే వేయాలి, వేశాక లోపలంతా ఒకసారి వెతకాలి.

కట్టే తీరులోనే అంతా ఉంది. నేలపైన సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, మట్టిలోకి 10 నుంచి 20 సెంటీమీటర్లు పూడ్చాలి, లేకపోతే కింద నుంచి తోసుకుని వస్తాయి. కంచెకు కట్టే గుడ్డ నున్నగా, బిగుతుగా ఉండాలి. కర్రలు పని జరిగే వైపు ఉండాలి, తాబేలు వైపు ఉంటే వాటిని పట్టుకుని ఎక్కేస్తుంది. చివర్లను కొక్కెంలా వెనక్కి తిప్పాలి. కంచె వెంట నడుచుకుంటూ వచ్చిన తాబేలు ఆ వంపులో తిరిగి వచ్చిన దారి పడుతుంది, లేదంటే చివర దాటి నేరుగా లోపలికి వస్తుంది. చేపల వల లాంటి ప్లాస్టిక్ జాలీని మాత్రం వాడకండి. మెడా కాళ్లూ అందులో చిక్కుకుంటాయి, పాములు కూడా చస్తాయి.

గుడ్లు పెట్టే తొందరలో ఉన్న ఆడ తాబేలు కంచెను చూసి వెనుదిరగదు. అటూ ఇటూ అదే పనిగా నడుస్తూ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నీడ లేని కంచె పక్కన అలా తిరిగితే ఎండదెబ్బకే పోవచ్చు. కొద్ది దూరానికొకచోట కొమ్మో చెక్కముక్కో ఆనించి నీడ పెట్టండి. పొద్దున్నా సాయంత్రం ఒకరు కంచె వెంట నడవాలి.

డబ్బు కొద్దిగానే ఉంటే చెరువంతా చుట్టే ప్రయత్నం మానేసి మట్టి కుప్పల చుట్టూ వేయండి. కొత్తగా తవ్విన వదులు మట్టి, ఎండ తగిలే వాలు కనిపిస్తే ఆడ తాబేళ్లు వెతుక్కుంటూ వచ్చి అక్కడే గుడ్లు పెడతాయి. నెల తర్వాత ఆ మట్టినే లారీలకు ఎత్తుతారు. ఖర్చుకు తగ్గ ఫలితం కంచె వల్ల వచ్చేది ఇక్కడే.

పట్టి తరలించడం

చెరువు మొత్తం ఎండబెట్టాల్సిందే, వేరే దారి లేదు అన్నప్పుడు ఇది కావాల్సిందే. అలా కాక మొదటి ఎంపికగా తీసుకుంటే నాకు నచ్చదు. ఎంత వెతికినా అన్నీ దొరకవు. దొరకనివి బురదలోనే ఉంటాయి, దొరికినవాటిని చూసి చెరువు ఖాళీ అయిందని అందరూ ధీమా పడతారు. వేరేచోట వదిలేసినవి అక్కడే ఉంటాయా అంటే అదీ లేదు. చాలా జాతులకు తమ నీటి జాడ తెలుసు, రోజులు పట్టినా తిరిగి నడిచొస్తాయి, దారిలో రోడ్లుంటాయి. దూరపు నీటిలో వదిలితే జబ్బులు కూడా వెంట వెళ్తాయి. పైగా చాలా దేశాల్లో అడవి తాబేలును పట్టడానికైనా, తరలించడానికైనా వన్యప్రాణి శాఖ అనుమతి కావాలి. మంచి ఉద్దేశంతో చేశామన్నా కేసు కేసే.

చేయాల్సి వస్తే ఇలా చేయండి. గుండ్రటి చట్రాలున్న వల బుట్టలు వాడేటప్పుడు బుట్ట పైభాగం నీటి మీద తేలుతూ ఉండాలి. లోపల ఖాళీ సీసాలు పెడితే అది మునగదు. పూర్తిగా మునిగిన బుట్టలో తాబేలు ఊపిరాడక చస్తుంది. రోజుకు ఒకసారైనా తీసి చూడాలి, వాన పడి నీరు పెరిగేలా ఉంటే ముందే తీసేయాలి. పట్టినదాన్ని తోక పట్టి ఎత్తొద్దు, వెన్ను దెబ్బతింటుంది. డిప్పను వెనుకవైపు రెండు పక్కలా పట్టుకోవాలి. మెత్తటి డిప్ప తాబేళ్లు మెడ చాలా దూరం సాచి కరుస్తాయి, పైగా త్వరగా ఒళ్లు ఆరిపోతుంది కాబట్టి వాటికి తడిగుడ్డ కప్పాలి. ఒక్కోదాన్ని వేరువేరు గాలాడే డబ్బాలో, నీడలో ఉంచండి. లోతు నీళ్లు పోసి ఉంచడం మేలు కాదు, అలసిన తాబేలు మునిగిపోగలదు. అదే చెరువులో మిగిలిన భాగం ఉంటే అక్కడ, లేదంటే దానితో కలిసే దగ్గరి నీటిలో వదలాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తాబేళ్ల ఒంటిపై మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు.

గుడ్లు బయటపడితే ఆగండి. కోడిగుడ్డులా వీటిని తిప్పకూడదు. పెట్టిన మొదటి రోజు దాటాక పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, తిరగబడితే చస్తుంది. ఆ చోటును వదిలి పని చేయడం మొదటి దారి. అది కుదరక, అనుమతితో, తెలిసినవాళ్లు తరలిస్తే ముందు పైభాగాన పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఆ గుర్తు పైకే ఉండేలా ఎత్తి, అంతే లోతులో, అలాంటి ఎండ తగిలే చోట పెట్టాలి. నీడలో పెడితే చాలా జాతుల్లో మగవే పుడతాయి, ఎండ బాగా తగిలితే ఆడవి. గుంట వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది.

మీది ఏ పరిస్థితి?

సొంత పొలంలోనో తోటలోనో చిన్న కుంట ఉన్నవాళ్లకు కంచెలు, వలలు అనవసరం. కాలం చూసుకుని, ఒక మూల ముట్టకుండా, యంత్రం బదులు వీలైనంత మనుషులతో చేయించండి. తీసిన గుర్రపు డెక్కను నీటి అంచునే పలచగా పరచి, కాసేపాగి చేత్తో కదిపి చూశాకే దూరంగా పారేయండి. దాని వేళ్లలో పిల్ల తాబేళ్లు ఇరుక్కుని ఉంటాయి. పెద్ద కుప్పగా వేస్తే లోపలివి ఉడికిపోతాయి.

పెద్ద చెరువు పని చేయిస్తున్న ఇంజనీరైతే మీకు దఫాలు, నెమ్మదిగా దించడం, మట్టి కుప్పల కంచె, ఈ మూడూ కలిపి సరిపోతాయి. వీటిని టెండర్ కాగితంలోనే రాయండి. తర్వాత నోటిమాటగా చెబితే కాంట్రాక్టర్ దాన్ని అదనపు పనిగా చూస్తాడు, అందులో అతని తప్పూ లేదు. యంత్రం ఎంచుకునే వీలుంటే పూడికను పైపుతో పీల్చే డ్రెడ్జర్ కంటే బకెట్ యంత్రానికే నా ఓటు. బకెట్ మట్టిని పలచగా పరిస్తే అందులో ఏముందో కంటికి కనిపిస్తుంది, పైపులోకి పోయినది కనిపించదు. పూడిక మరీ పలచగా, నీటి కిందే తీయాల్సి ఉంటే డ్రెడ్జర్ తప్పకపోవచ్చు. అప్పుడు తాబేళ్లు చురుగ్గా ఉండే కాలం తప్ప వేరే కాలం ఒప్పుకోవద్దు.

గట్టు తెగేలా ఉంది, రేపే పని మొదలు కావాలి అన్నవాళ్లకు కాలం, దఫాలు రెండూ లేవు. అప్పుడు యంత్రం ముందు ఒక మనిషిని నడిపించండి. ఆపమని అతను చెయ్యెత్తితే ఆపరేటర్ ఎవరినీ అడగకుండా ఆపాలి, ఆ అధికారం అతనికి ఇవ్వాలి. అవసరమైనంత మేరే తవ్వి, మిగతా పూడిక తర్వాతి మంచి కాలానికి వదిలేయండి.

సాయానికి వచ్చే స్వచ్ఛంద సేవకులు పట్టడం కంటే చూడటంలో ఎక్కువ పనికొస్తారు. పొద్దున్నే యంత్రాలు కదలకముందు బండ్ల దారి, టైర్ల కింద, మట్టి కుప్పల వాలు మీద ఒక చుట్టు తిరగడం, కంచెలో చిరుగు ఉంటే కుట్టడం, డిప్ప పగిలిన తాబేలు కనిపిస్తే వెంటనే పశువైద్యుడి దగ్గరికి చేర్చడం వాళ్లకు అప్పగించండి. డిప్ప పగిలినంత మాత్రాన తాబేలు చచ్చినట్టు కాదు, చాలావరకు అతుకుతుంది.

పని అయ్యాక కంచె తీసేయడం మర్చిపోయేవాళ్లు చాలామంది. మరుసటి కాలంలో నీటికి రావాల్సిన తాబేళ్లు దానికే తల కొట్టుకుంటాయి. అలాగే గట్టును నిలువుగా చెక్కి రాళ్లు పేర్చేసి వెళ్లొద్దు, కనీసం ఒకవైపైనా తాబేలు ఎక్కగల వాలు వదిలి, పక్కన తీసిన దుంగలు రెండు నీటిలోకి వాలుగా వేసి వెళ్లండి.